ఇస్త్రీ చేసిన తారాజువ్వ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం: ఇస్త్రీ పెట్టె వదలని నాన్న, వంటిల్లు వదలని అమ్మ, వాలుకుర్చీ వదలని నాయనమ్మ, పండక్కి సెలవు పెట్టి వచ్చినా మెళ్ళో కండక్టరు ఈల వదలని బాబాయి, ఆ బాబాయిని వదలని మా తమ్ముడు, నేను. మనుషులు కానివాటిలో చెప్పుకోదగ్గది ఒక్కటే. ఇస్త్రీ బల్ల కింద అట్టపెట్టె నిండా బాణసంచా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బాణసంచా కాల్చడానికి ప్రభుత్వం వారు పెట్టిన నిబంధనలంత గొప్ప మేలు మానవజాతికి ఇంకొకటి జరగలేదు! నిప్పు కనిపెట్టినవాడికి మీరు ఒక దండం పెడితే పెట్టండి. నిప్పుతో ఏమేం చేయకూడదో కాగితం మీద అచ్చేసి స్తంభానికి అంటించినవాడికి మాత్రం రెండు దండాలు పెట్టాలి.

నవ్వకండి. మీ వీధిలోనూ ఆ కాగితం అంటించే ఉంటారు, మీరు చదివి ఉండరు, అంతే. మా వీధిలో కరెంటు స్తంభానికి అంటించారు. చదివినవాళ్ళం ఇద్దరమే. ఒకదాన్ని నేను. రెండోది ఎదురింటి మేక. అది చదివి జీర్ణం కూడా చేసుకుంది, కింది మూల ఇప్పుడు లేదు.

నిబంధనలు లేనప్పుడు మా బాబాయి ఎలా కాల్చేవాడో మీకు తెలియదు. పాపం, ఏదో తోచినట్టు కాల్చేవాడు. ఒక పద్ధతి లేదు, ఒక ప్రణాళిక లేదు. కాలిస్తే కాలేది, లేకపోతే తిట్టేవాడు. ఈ ఏడాది నేను కాగితంలో ఉన్నది అప్పజెప్పాక చూడాలి ఆయన ముఖం!

"చేతిలో పట్టుకుని కాల్చరాదు," అన్నాను.

"అరే, చేత్తో కూడా పట్టుకోవచ్చా?" అన్నాడు బాబాయి. "ఎంతసేపు పట్టుకోవచ్చని రాశారు?"

"వంగి ముఖం దగ్గర పెట్టి ముట్టించరాదు."

"అదీ మాట. దూరం నుంచైతే వత్తి సరిగ్గా కనపడి చావదు."

"పేలని దాని దగ్గరికి మళ్ళీ వెళ్ళరాదు."

"మరి అది ఎందుకు పేలలేదో ఎలా తెలుస్తుందే? వెళ్ళి చూడాలి కదా." తమ్ముడి వైపు తిరిగి, "ఒరేయ్, అది నీ డ్యూటీ. వెళ్ళి ఊది రా," అన్నాడు. తమ్ముడు ఆనందంతో అక్కడికక్కడే ఊది చూపించాడు.

గమనించారా? ఇన్నేళ్ళూ ఆయనకి రాని ఆలోచనలన్నీ ఆ ఒక్క కాగితం వల్ల వచ్చాయి. వంట రానివాడికి వంటల పుస్తకం దొరికినట్టయింది. నిబంధనలు లేకపోతే ఈ ప్రతిభంతా ఏ బస్సులోనో టిక్కెట్లు చింపుతూ వృథా అయిపోయేది.

సమయం సంగతి చూద్దాం. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా మాత్రమే కాల్చాలని రాశారు. ఎంత చక్కని ఏర్పాటు! అంతకుముందు పొద్దస్తమానం చప్పుళ్ళే, ఏది దేనికో తెలిసేది కాదు. ఇప్పుడు అన్నిటికీ పేర్లున్నాయి. ఏడుకి ముందు కాల్చేది "టెస్టింగ్". తొమ్మిది తర్వాత కాల్చేది "మిగిలిపోయినవి". మర్నాడు పొద్దున కాల్చేది "అయ్యో, ఇదొకటి జేబులో ఉండిపోయిందే". ఏడుకీ తొమ్మిదికీ మధ్య అందరూ భోజనాలు చేస్తారు.

శబ్దం హద్దు మించకూడదని కూడా రాశారు. హద్దు ఎంతో కొలవడానికి మా ఇంట్లో మీటరు లేదు, నాయనమ్మ ఉంది. కాల్చిన ప్రతిదాని తర్వాత బాబాయి లోపలికి తొంగి చూసి, "అమ్మా, వినపడిందా?" అని అడుగుతాడు. నాయనమ్మ పలకదు. పలకలేదు కాబట్టి హద్దు మించలేదు. నాయనమ్మకి చెవుడు లేదు. ఆవిడకి బాబాయి మాట వినే అలవాటు చిన్నప్పటినుంచీ లేదు, అంతే.

ఒక బకెట్ నీళ్ళు దగ్గర పెట్టుకోవాలన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన నిబంధన. మా ఇంట్లో దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు. అమ్మ గుమ్మం లోపల బకెట్ నిండా నీళ్ళు పెట్టింది. నీళ్ళలో మసి పడకుండా నాన్న దానిమీద పళ్ళెం మూత పెట్టాడు. మూత మీద చోటు ఖాళీగా ఉంది కదా అని బాబాయి అగ్గిపెట్టె పెట్టాడు. అగ్గిపెట్టె మీద, చీకట్లో వెతుక్కోకుండా, తమ్ముడు సీమటపాకాయల కట్టలు పేర్చాడు. అంటే నిప్పంటుకుంటే కంగారు పడక్కర్లేదు. ముందు టపాకాయలు తీసి, తర్వాత అగ్గిపెట్టె తీసి, తర్వాత పళ్ళెం తీస్తే నీళ్ళే నీళ్ళు!

ఇంత భద్రత మీ ఇంట్లో ఉందా?

అన్ని నిబంధనల్లోకీ తలమానికం వయసుకి సంబంధించినది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ముట్టించకూడదు. ఆ వయసు దాటినవాళ్ళు పెద్దవాళ్ళు పక్కనుండగా ముట్టించవచ్చు. స్తంభం దగ్గర నిలబడి ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో, మేకకి కూడా విసుగొచ్చి వెళ్ళిపోయింది. మా తమ్ముడు ఇంకా ప్రాథమిక బడిలో ఉన్నాడు. నాకు పదహారు నిండాయి.

నాకు కావలసింది ఎక్కువేం కాదు. ఒక్క చిచ్చుబుడ్డి. నా చేత్తో నేను ముట్టించాలి. ఇన్నేళ్ళూ వెనక నిలబడి చూశాను. వెనక నిలబడితే అంతా బాగానే కనపడుతుంది, కాదనను. కానీ ముట్టించినవాళ్ళు గబగబా వెనక్కి వస్తారు చూడండి, ముఖం మీద వెలుతురు పడుతూ. అలా వెనక్కి రావాలంటే ముందొకసారి ముందుకి వెళ్ళి ఉండాలి కదా?

అందుకని ప్రాక్టీసు చేశాను. పెరట్లో ముల్లంగి ఒకటి నిలబెట్టి, పొడవాటి పుల్ల పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి పెట్టి చెయ్యి మాత్రం ముందుకి చాచి, ముట్టించినట్టు చేసి వెనక్కి నడవడం. పరుగెత్తకూడదు, పడతారు. జుట్టు ముడేసుకోవాలి. చున్నీ ఇంట్లో పెట్టి రావాలి. వారం రోజులుగా ఎన్ని ముల్లంగులు ముట్టించినా ఒక్కటి కూడా నా మీద పేలలేదు. అంత జాగ్రత్త నాది!

పోయినేడాది బాబాయే అన్నాడు, "వచ్చే పండక్కి మొదటిది నీ చేతే ముట్టిస్తాను, నాదీ పూచీ" అని. అంతకుముందు ఏడాది కూడా అలాగే అన్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఏటా అదే మాట మీద నిలబడతాడు.

పండగరోజు మధ్యాహ్నం అట్టపెట్టె బయటికి లాగేసరికి అడుగు తడిగా ఉంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇస్త్రీ బల్ల కింద పెడితే తమ్ముడు ముట్టుకోడని నాన్నే దాచాడు. నాన్న రోజంతా ఆ బల్ల మీదే బట్టల మీద నీళ్ళు చిలకరిస్తాడు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? వారం పాటు బొట్టు బొట్టుగా పెట్టెలోకే పోయాయి. పై వరుసలో కాకరపువ్వొత్తులూ చిచ్చుబుడ్లూ మైనం కాగితం చుట్టి ఉన్నాయి కాబట్టి పొడిగా బతికాయి. కింద ఉన్న తారాజువ్వలన్నీ జావలో ముంచినట్టయ్యాయి.

"ఎండలో పెడదామా?" అన్నాడు నాన్న.

"ఎండ ఏదీ? మబ్బు పట్టింది," అన్నాడు బాబాయి. అని ఇస్త్రీ పెట్టె వైపు చూశాడు. "అన్నయ్యా, నువ్వు తడి చొక్కా ఎంతసేపట్లో ఆరబెడతావు?"

ఇక్కడ మీరు మా నాన్న గురించి ఒకటి తెలుసుకోవాలి. మా వీధిగదే ఆయన దుకాణం. ఆయన చేతిలో ఇంతవరకూ ఒక్క కాలరు మాడలేదు. ఊళ్ళో పెద్ద పెద్దవాళ్ళ బట్టలు ఆయన దగ్గరికే వస్తాయి. ఎవరైనా ఇస్త్రీ గురించి సలహా చెబితే ఆయనకి ఒళ్ళు మండుతుంది. బాబాయి వెళ్ళి పెట్టె పట్టుకోబోయేసరికి నాన్న ఆ చెయ్యి తోసేశాడు.

"నువ్వు చేస్తే మాడ్చేస్తావు. ఇలా ఇవ్వు, నేను చేస్తాను."

అలా, కాలర్లు మాడ్చని నిపుణుడు తారాజువ్వలకి ఇస్త్రీ మొదలుపెట్టాడు. బల్ల మీద ఒక యూనిఫాం ఉంటే దాన్ని జాగ్రత్తగా మడిచి కిటికీ పక్క అలమారలో మిగతా బట్టల మీద పెట్టాడు. అది ఫైర్ స్టేషన్‌లో పనిచేసే ఒకాయనది. పండగ డ్యూటీ అని సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళారు. ఆ యూనిఫాం తీసిన చోట తారాజువ్వలు వరసగా పడుకోబెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి, నాన్న పెట్టె ఆనించాడు. సుయ్‌మని ఆవిరి లేచింది.

"నంబరు ఎంత మీద పెట్టారు?" అని వంటింట్లోంచి అడిగింది అమ్మ.

"సిల్కు మీద."

"మరీ వేడెక్కనీయకండి. మొన్ననే బల్ల మీద కొత్త దుప్పటి వేశాను."

"వత్తులు నలగకుండా చూడరా," అంది నాయనమ్మ కుర్చీలోంచి, కళ్ళు తెరవకుండానే.

"నాన్నా, అది మందు," అన్నాను నేను.

నా గొంతు సంగతి మీకు చెప్పలేదు. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికితే మాస్టారు ఆబ్సెంట్ వేస్తారు.

"ఏంటమ్మా?" అన్నాడు నాన్న, పెట్టె ఎత్తకుండా.

"ఏం లేదు."

ఏం కాలేదు కూడా. అదే ఆశ్చర్యం. తారాజువ్వలు పొడిగా, వెచ్చగా, ఒక పక్క బల్లపరుపుగా తయారయ్యాయి. ఒక్కోదానికీ అంచున గీత తేలింది. "చూశావా, పెళ్ళికి వెళ్ళేవాడి ప్యాంటులా ఉంది," అని బాబాయి ఒకదాన్ని ఎత్తి దీపానికి అడ్డంగా పట్టి చూశాడు. దీపం అంటే కరెంటు దీపమే. అంత జాగ్రత్త తెలియనివాడు కాదు.

సాయంత్రమైంది. టెస్టింగ్ వేళ. నేను జుట్టు ముడేసుకుని, చున్నీ మేకుకి తగిలించి, పొడవాటి కాకరపువ్వొత్తి ఒకటి చేతపట్టుకుని గుమ్మంలోకి వచ్చాను.

"ఎక్కడికే?" అన్నాడు బాబాయి.

నేను చిచ్చుబుడ్డి వైపు చూశాను. మాట్లాడటం కన్నా అది తేలిక.

"ఓ, అదా!" అని తల గోక్కున్నాడు. "కాగితంలో పిల్లలు కాల్చకూడదని నువ్వే చెప్పావు కదే."

"పద్నాలుగు దాటితే కాల్చొచ్చు. నాకు దాటాయి."

"దాటాయా? మరీ మంచిది. పెద్దదానివయ్యావు. పెద్ద ఆడపిల్ల వీధిలో నిలబడి టపాకాయలు కాలిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

అంటే చూడండి. పోయినేడాది చిన్నదాన్ని కాబట్టి వద్దు. ఈ ఏడాది పెద్దదాన్ని కాబట్టి వద్దు. మధ్యలో ఏదో ఒక మధ్యాహ్నం నేను సరైన వయసులో ఉండి ఉంటాను, ఆ టైములో నిద్రపోయినట్టున్నాను.

"ఏం దిగులుపడకు," అన్నాడు బాబాయి. "నీకు అన్నిటికన్నా పెద్ద పోస్టు ఇస్తున్నాను. సేఫ్టీ ఇన్‌చార్జ్. లోపల కిటికీ దగ్గర నిలబడి మా అందరినీ చూస్తూ ఉండు. లోపలికి జరుగు తల్లీ, లోపల చాలా ఖాళీ ఉంది." ఇరవయ్యేళ్ళ సర్వీసు మరి, బస్సు దిగినా ఆ మాట ఆయన్ని వదలదు.

పోస్టు చిన్నదేం కాదు. చూడటం నా బాధ్యత. ఆపే అధికారం మాత్రం లేదు. అటువంటి పోస్టులు ఆఫీసుల్లో పెద్ద పెద్దవాళ్ళకి ఇస్తారట.

అలా నిబంధనల ప్రకారం మా ఇంటి జనం రెండు జట్లయ్యారు. ప్రమాదం ఉన్న వీధిలో నాన్న, నైలాన్ ప్యాంటు వేసుకున్న బాబాయి, వయసు చాలని తమ్ముడు. ప్రమాదం లేని ఇంట్లో అమ్మ, నాయనమ్మ, కాగితం చదివిన నేను. కాకరపువ్వొత్తిని తమ్ముడు పట్టుకుపోయాడు.

బాబాయి వీధి మధ్యలో సీసా పెట్టాడు. ఖాళీ మైదానంలోనే కాల్చాలని కాగితంలో ఉంది. మైదానానికి వెళ్తే అక్కడ జనం ఎక్కువ, ప్రమాదమని ఆయన వాదన. సీసాలో ఇస్త్రీ తారాజువ్వ నిలబెట్టి, వంగి, ముఖం దగ్గర పెట్టి ముట్టించాడు. ఈల వేసి, "రైట్, రైట్!" అన్నాడు.

తారాజువ్వ లేచింది. నిజం చెప్పాలంటే చాలా అందంగా లేచింది. ఎదురింటి పిట్టగోడ ఎత్తుకి వెళ్ళాక దానికి తనలో ఒక పక్క గుండ్రంగా, ఒక పక్క చదునుగా ఉందన్న సంగతి తెలిసొచ్చినట్టుంది. గాల్లో ఒకసారి ఆగి, చదును పక్కకి ఒరిగి, మెల్లగా వంపు తిరిగి, పుట్టింటికి బయల్దేరింది.

కిటికీలోంచి నా చెవి పక్కనుంచి లోపలికి వచ్చి, అలమారలో మెత్తగా కూర్చుంది. దేని మీదనుకుంటున్నారు? ఊళ్ళో మంటలు ఆర్పేవారి యూనిఫాం మీద!

వీధిలోంచి నాన్న, "బట్టలు! బట్టలు!" అంటున్నాడు. తమ్ముడు చప్పట్లు కొట్టి మానేశాడు. బాబాయి ఈల మీద ఈల వేస్తూ, "కంగారు పడకండి, ఎవరూ బయటికి రావద్దు!" అని అరుస్తున్నాడు. భద్రమైన చోటు ఏదో ఆయనకి ఇంకా గట్టి నమ్మకమే.

ఇస్త్రీ పెట్టె ప్లగ్గులోనే ఉంది. బల్ల మీద, గోడ మీద అంతా వైర్లే. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోకు అని నాన్న నాకు పుట్టినప్పటినుంచీ చెబుతూనే ఉన్నాడు. నేను ముందు మెయిన్ స్విచ్చు దింపాను. ఇల్లంతా చీకటి. అలమారలో మాత్రం వెలుతురు. బకెట్ దగ్గరికి వెళ్ళాను. టపాకాయల కట్టలు తీశాను. ఎక్కడ పెట్టాలి? నాయనమ్మ ఒళ్ళో పెట్టాను.

"ఏంటే ఇది?"

"టపాకాయలు. పట్టుకో. వెనక గదిలోకి వెళ్ళు."

"ఒళ్ళో టపాకాయలు పెట్టి నడవమంటుంది, ఏం పిల్లో," అంటూ నాయనమ్మ కుర్చీ వదిలి లేచింది. ఆవిడ లేవడం నేను చూసి చాలాకాలమైంది. అగ్గిపెట్టె కూడా ఇచ్చాను, ఇంకో చేతికి, దూరంగా పట్టుకోమని. అప్పుడు పళ్ళెం తీసి, బకెట్ ఎత్తి, అలమార మీద గుమ్మరించాను. అమ్మ వంటింట్లోంచి ఇంకో బకెట్ తెచ్చి అదీ గుమ్మరించింది. పొగ, తడి, మాడు వాసన. మంట పోయింది. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది.

అప్పుడు మగవాళ్ళు లోపలికి వచ్చారు.

నాన్న టార్చి వేసి అలమార చూశాడు. "అన్నీ తడిసిపోయాయి," అన్నాడు. "పొద్దుట్నించీ చేసిన ఇస్త్రీ అంతా పోయింది. రెండు బకెట్లు పోయాలామ్మా? ఒక చెంబుడు సరిపోయేది కదా."

"కాలిపోతే నీ ఇస్త్రీ నిలబడేదిట్రా?" అంది నాయనమ్మ వెనక గదిలోంచి. రెండు చేతుల్లోనూ మందుగుండు ఉన్న మనిషికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత. మా ఇంటికి వచ్చినాయన నిప్పు అడగలేదు, యూనిఫాం అడిగారు. సైకిల్ స్టాండు వేసి గుమ్మంలో నిలబడి, "నా బట్టలు అయ్యాయా?" అన్నారు ఫైర్ స్టేషన్ ఆయన. తర్వాత ముక్కు ఎగబీల్చారు. ఆ ముక్కుకి అదే పని కదా.

నాన్న యూనిఫాం పట్టుకొచ్చాడు. నీళ్ళు కారుతున్నాయి. వీపు మధ్యలో గుండ్రటి కన్నం. అందులోంచి నాన్న చొక్కా గుండీ కనపడుతోంది.

"సార్, పిల్ల కంగారులో నీళ్ళు పోసేసింది సార్. చిన్నపిల్ల. తెలియలేదు. ఏమనుకోకండి," అన్నాడు నాన్న.

పాఠకులు గమనించగలరు, పావుగంట కిందట నేను పెద్దదాన్ని.

ఆయన కన్నంలో వేలు పెట్టి చూశారు. టార్చి తీసుకుని అలమార చూశారు, వైర్లు చూశారు, దింపి ఉన్న మెయిన్ చూశారు.

"ఇది ఎవరు ఆపారు?"

అందరూ నా వైపు చూశారు. నేను మేకు మీదున్న నా చున్నీ వైపు చూశాను.

"నీళ్ళు పోయకముందా, పోశాకా?"

"ముందే," అంది అమ్మ. "నేను వచ్చేసరికి చీకటిగా ఉంది."

"మేం సేఫ్టీ ఇన్‌చార్జ్‌ని లోపల పెట్టడం మంచిదైంది సార్," అని బాబాయి నవ్వబోయాడు. "అది నా ఐడియానే."

ఫైర్ స్టేషన్ ఆయన నవ్వలేదు. "కాల్చింది ఎవరు?" అన్నారు. బాబాయి నవ్వు ఆపాడు. "తారాజువ్వ ఇలా ఎందుకు తిరిగింది?"

ఇస్త్రీ సంగతి ఎవరూ చెప్పలేదు. తమ్ముడు చెప్పాడు. పెళ్ళి ప్యాంటు మాట కూడా వదలకుండా చెప్పాడు. ఆయన ఉద్యోగంలో ఏమేం చూసి ఉంటారో నాకు తెలియదు. కానీ ఇస్త్రీ బల్ల వైపు చూసి, అక్కడే ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మిగతా తారాజువ్వలు తెచ్చి నీళ్ళలో వేయండి. ఇప్పుడే. నా ముందు," అన్నారు. వేశారు. లేస్తూ ఆయన నాన్నతో, "ఇంకేమన్నా కాల్చాలంటే మైదానానికి వెళ్ళండి. అక్కడైనా సరే, ఈ అమ్మాయి చేతే ముట్టించండి. ఈ ఇంట్లో నిప్పు ముట్టుకోదగ్గ మనిషి నాకు ఒక్కతే కనపడింది," అన్నారు.

"తప్పకుండా సార్. మీరు చెప్పాక కాదంటామా?" అన్నాడు బాబాయి.

ఆయన తడి యూనిఫాం సైకిల్ హ్యాండిల్‌కి ఆరేసుకుని వెళ్ళిపోయారు. నేను మైనం కాగితం విప్పి చిచ్చుబుడ్డి ఒకటి తీసుకున్నాను. అంత దగ్గరగా ఎప్పుడూ పట్టుకోలేదు. అరచేతిలో చల్లగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. దాన్ని పట్టుకుని గుమ్మం దాటాను. మైదానం ఎంతో దూరం లేదు. వీధి చివరే.

ఇంతటితో నా వాదన పూర్తయింది. నిబంధన ఉంది, వయసు ఉంది, సాక్షాత్తూ ఫైర్ స్టేషన్ వారి సిఫారసు ఉంది. నిబంధనలు మనుషులకి మేలు చేస్తాయని ఇంతకన్నా రుజువేం కావాలి?

సైకిల్ మలుపు తిరిగింది. బాబాయి నా వెనకే వచ్చి గొంతు తగ్గించి నాన్నతో అన్నాడు, "అన్నయ్యా, ఇంత జరిగాక కూడా పిల్లని పంపుతావా? ఇవాళ టైము బాగాలేదు. నేనూ వీడూ వెళ్ళి మిగిలినవి కాల్చేసి వచ్చేస్తాం. ఉంచుకుంటే ఇంట్లో ఇవి మళ్ళీ ప్రమాదం."

నాన్న నా దగ్గరికి వచ్చాడు. నా చేతిలోంచి చిచ్చుబుడ్డి తీసుకున్నాడు. లాక్కోలేదు. గుడ్డు తీసుకున్నట్టు, జాగ్రత్తగా తీసుకున్నాడు. మరో చెయ్యి నా తల మీద పెట్టాడు. ఆ చేతికి మాడు వాసన.

"నీ చెవి పక్కనుంచి పోయిందే తల్లీ. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను," అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. మా నాన్న గొంతు అలా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. చిచ్చుబుడ్డి బాబాయికి అందించి, నన్ను భుజాలు పట్టుకుని గుమ్మం లోపలికి నడిపించాడు. బయట తమ్ముడు అప్పుడే చిచ్చుబుడ్డిని బాబాయి చేతిలోంచి తన చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"మరి వాడికేమన్నా అయితే?" అన్నాను.

ఈసారి వినపడింది. నాకే కాదు. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. బాబాయి ఇటు తిరిగాడు. నాన్న నా ముఖం వైపు చూశాడు, వీధిలో ఉన్న తమ్ముడి వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. నిజంగానే ఆలోచించాడు. పెదవి కదిలింది కూడా. జవాబు వస్తుందనే నేను అక్కడే నిలబడ్డాను.

"చల్లగాలి వేస్తోంది, లోపలుండమ్మా," అని తలుపు వేశాడు.